అంగడిచిట్టా, ఇంటిగుట్టు

మా సూళ్ళూరుపేటలో కాళంగి యొడ్డున వెలసిన చెంగాళమ్మ గుడికి తలుపులు లేవు. పగలుగాని రాత్రిగాని యా గుడి మూయబడదు. పూర్వ మొకప్పుడు గుడిలో దొంగ పడగా గ్రామస్థులు తలుపులు చేయింపబూనిరనియు, అమ్మవారు కలలో కనబడి వలదని చెప్పెననియు, తెచ్చిన చెక్కలను గుడివెనుక పడవేయగా నవి చిగిర్చి వృక్షమయ్యెననియు స్థలకథ కలదు. కథలోని నిజానిజములతో మాకిప్పుడు పనిలేదు. తలుపులేని దేవతను నమ్మి కొలుచు నీ యూరివారే తమ యిండ్లకు మాత్రము తలుపులు, గడియలు, తాళములు పెట్టుకొనుచున్నారు. ఇందులో అసంగత మేమియు లేదు. దేవతకు దాచుకొనవలసిన దేదియు లేదు, సంసారికి కలదు. చేసిన యప్పు, తీరని జబ్బు, కూతురికి వచ్చి తప్పిపోయిన సంబంధము, పరీక్ష పోయిన కొడుకు, ఇవి యేవియు నేరములు కావు. ఐనను వీధిలో పెట్టదగినవి కావు.

గుట్టు అను మాట అచ్చతెలుగుమాట. గుట్టుగా కాపురము చేయుట మన పెద్దలు మెచ్చుకొనిన గుణము. గుట్టు రట్టగుట ధననష్టముకంటె హెచ్చైన నష్టమని వారి భావము. కావున వ్యక్తిగతగోప్యత పాశ్చాత్యులనుండి దిగుమతియైన విలాసమనియు, బీదదేశమున కది యక్కఱలేదనియు కొందఱు విద్యావంతులు చెప్పునప్పుడు మాకు నవ్వు వచ్చును. కొత్తగా వచ్చినది మాటయేగాని వస్తువు కాదు.

ఈ విషయమును గుఱించి వ్రాయుటకు మాకు కారణమైనవాడు మా పూర్వశిష్యుడొకడు. అతడు మా యూరిలో చిన్న లాడ్జి నడుపుచున్నాడు. 2019లో శ్రీహరికోటలో రాకెట్టు ప్రయోగములను ప్రజలు చూచుటకు గ్యాలరీ తెఱచినది మొదలు, ప్రయోగము జరుగు దినములలో మా యూరికి దూరదేశములవారు వచ్చుట హెచ్చైనది. గదులను ముందుగా నిలుపుకొనుటకు వీలుగా నతడొక వెబ్‌సైటు చేయించెను. అతడొకనాటి సాయంకాలము మాయింటికి వచ్చి, "సార్, ఇదేదో సమాచారరక్షణ చట్టమంట. అది పెద్ద కంపెనీలకు గదా? పది గదులు పెట్టుకున్న మాబోటోళ్ళకేం పని?" అని యడిగెను. వర్తించునని యొక్కమాటలో చెప్పి పంపవచ్చును. కాని యెందుకు వర్తించునో తెలియవలెనన్న చాలదూరము వెనుకకు పోవలసియుండెను. ఆ పోయిన దారినే యిక్కడ మేము కొంత వ్రాయుచున్నాము.

మన ధర్మశాస్త్రకారులు వ్యవహారపదములను పదునెనిమిదిగా విభజించిరి. మనుస్మృతిలో ఋణాదానమునకు తరువాత రెండవదిగా చెప్పబడినది నిక్షేపము. ఒకడు తన సొత్తును నమ్మకముతో మఱియొకని చేతిలో దాచుటకు నిక్షేపమని పేరు. యాజ్ఞవల్క్యుడు దీనిలోనే యింకొక భేదమును చెప్పెను. వస్తువును పెట్టెలో నుంచి, ముద్రవేసి, లోపలనున్నదేదో చెప్పకయే యొకని కప్పగించినచో నది యౌపనిధికము. కౌటిల్యుడును అర్థశాస్త్రమున నీ విషయమున కొక యధ్యాయమునే కేటాయించెను. దాచుమని యిచ్చినదానిని దాచుకొన్నవాడు తాను వాడుకొన్నచో, ఆ వాడుకకు తగిన వెలను సొంతదారునకు చెల్లించి, మీదుమిక్కిలి పండ్రెండు పణములు దండుగ కట్టవలెనని యందు విధింపబడినది. సొత్తు పోవుట వేఱు, చెడుట వేఱు, వాడుకొనుట వేఱు. పోకున్నను చెడకున్నను ఊరక వాడుకొనుటయే తప్పని యా శాస్త్రకారుని నిర్ణయము. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షరను పదుమూడవ శతాబ్దిలో కేతన తెలుగుపద్యములలోనికి తెచ్చెను. ఈ కేతన నెల్లూరి తిక్కనకు దశకుమారచరిత్రము నంకితమిచ్చిన కవియే. కావున నిక్షేపన్యాయము మన భాషలో చదువుకొనుటకు ఏడువందల యేండ్లనాడే వీలుండెను.

నేటి చట్టము ఇతరుల సమాచారమును పుచ్చుకొనువానిని డేటా ఫిడ్యూషియరీ యని పిలుచుచున్నది. నిక్షేపధారి యనునంతకంటె దానికి సరియైన తెలుగుమాట మాకు తోచుటలేదు. గది యడుగవచ్చినవాడు తన పేరును ఫోను నెంబరును లాడ్జివానికి దానము చేయలేదు, అమ్మలేదు. ఆ రాత్రి పనికొఱకు నమ్మి యప్పగించెను. ఆ పనికి దక్క వేఱొకదానికి వాడుకొన్నచో నది కౌటిల్యుడు చెప్పిన యుపనిధిభోగమే.

మన పూర్వులకు సర్వమును తెలియునని వాదించువారిలో మేము చేరము. నిక్షేపమును గుఱించి యంత సూక్ష్మముగా వ్రాసిన యర్థశాస్త్రమే గోపుడను నుద్యోగి పది యిరువది కుటుంబముల కొకడు చొప్పున నుండి, ఇంటింటివారి జాతి, గోత్రము, పేరు, వృత్తి, ఆదాయవ్యయములను తెలిసికొనియుండవలెనని విధించినది. రహస్యముగా గాయములకు చికిత్స చేయించుకొనువారిని గుఱించి వైద్యుడు అధికారికి తెలుపవలెననియు నందే కలదు. సొత్తు విషయమున ప్రజలకు ధర్మము. వివరముల విషయమున రాజునకు స్వేచ్ఛ. ఈ రెండును ఒకే గ్రంథమున ఇరుగుపొరుగు పుటలలో నున్నవి. నేటి మన చట్టములోను ఈ రెండును ఇరుగుపొరుగున నేయున్నవని ముందు చూపుదుము.

అంగడివాని చిట్టా ఆవర్జాలను చూచి పెరిగినవారికి సమాచారమనగా నేమో వేఱుగా చెప్పనక్కఱలేదు. మా చిన్ననాట అంగడిలో ఎఱ్ఱగుడ్డ యట్టవేసిన పొడుగాటి పుస్తకముండెడిది. అందు ఊరి సంసారములన్నియు నుండెను. ఏ యింటివారు పప్పు మాని చింతపండు మాత్రమే కొనుచున్నారో, ఎవరి బాకీ సంక్రాంతికి తీరలేదో, ఎవరింటికి చుట్టములు వచ్చి నేయి హెచ్చుగా పోయెనో అందు తెలియును. దానిని పరుల కంటబడనిచ్చిన యంగడివాని నెవ్వరును నమ్మకుండిరి. ఇది చట్టము కాదు, వర్తకనీతి. ఆ నీతికి బలమెక్కడిదనగా, పుస్తకమొక్కటే, దానిని చూచువాడొక్కడే, వాడు ఊరివాడే.

కరణము లెక్కలకథ వేఱు. అడంగలు మొదలగు గ్రామలెక్కలు ప్రభుత్వమువే యైనను, తరతరములుగా కరణము ఇంటిలో మూటకట్టి యుండెడివి. ఎవని భూమి యెవని పేర నున్నదో యాయనకే యెఱుక. తెలిసినవానికిని తెలియనివానికిని నడుమ నుండు తారతమ్యమే యధికారమనుటకు కరణీకముకంటె మంచి యుదాహరణము లేదు. 1984లో ఆంధ్రప్రదేశప్రభుత్వము వంశపారంపర్యపు గ్రామోద్యోగములను రద్దుచేసినప్పుడు పల్లెలలో జరిగిన పెద్దపని ఆ మూటలను కరణముల యిండ్లనుండి బయటికి తెచ్చుటయే.

ఇక్కడ నొకమాట స్పష్టముగా చెప్పవలెను. గుట్టు మన సంఘమున అందఱికిని సమానముగా నుండలేదు. పెద్దింటి గుట్టును ఊరంతయు కాపాడెను. తడికెయే తలుపైన గుడిసెకు గుట్టెక్కడిది? వితంతువు ఏమి తినుచున్నదో, ఎవరితో మాటలాడుచున్నదో విచారించుట అగ్రహారమునకంతకును హక్కైయుండెను. మఱియొకప్రక్క, భర్త కొట్టిన దెబ్బలు పుట్టింటికి తెలియకుండుటకును గుట్టే యడ్డముపెట్టబడెను. కావున గోప్యత యెవరిది యను ప్రశ్న ఎల్లప్పుడును అడుగదగినదే.

ఇంగ్లీషు న్యాయస్థానములు వచ్చిన తరువాత మన దేశమున నీ విషయమై నడచిన తొలివ్యాజ్యములు కిటికీలను గుఱించినవి. 1882 నాటి యీజుమెంటుల చట్టములో, పొరుగింటి యేకాంతమునకు భంగము కలుగునట్లు కొత్తకిటికీ తెఱవరాదను స్థానికాచారము ఉదాహరణముగా చెప్పబడినది. 1888లో అలహాబాదు హైకోర్టు గోకల్ ప్రసాద్, రాధోల వ్యాజ్యమున, ఘోషాస్త్రీలుండు భాగమును చూచునట్లు పొరుగువాడు ద్వారము పెట్టుట కూడదని తీర్పుచెప్పెను. మదరాసు హైకోర్టు మాత్ర మట్టి హక్కును తన సీమలో నంగీకరింపలేదు. నాడు నెల్లూరుజిల్లాలోని మా ప్రాంత మా కోర్టు క్రిందిదే. అలహాబాదు తీర్పు చదివినప్పుడెల్ల మాకొక సందేహము కలుగుచుండును. ఆ కిటికీ మూయింపబడినది లోపలి స్త్రీ కొఱకా, లేక యామెను లోపలనుంచిన గృహస్థుని మర్యాద కొఱకా? ఆమె యేమి కోరెనో ఎవ్వరును అడిగినట్లు లేదు.

అమెరికాలో 1890లో వారెన్, బ్రాండైస్ అను నిరువురు న్యాయవాదులు ఏకాంతపుహక్కును గుఱించి హార్వర్డు న్యాయపత్రికలో ప్రసిద్ధవ్యాసమును వ్రాసిరి. అప్పటి కొత్తయంత్రము క్షణములో ఛాయాచిత్రము తీయు కెమెరా. యంత్రము మాఱినప్పుడెల్ల ఈ ప్రశ్న తిరిగి లేచుచునే యున్నది.

మన రాజ్యాంగమున ఏకాంతపుహక్కని ప్రత్యేకముగా వ్రాయబడలేదు. అట్టి హక్కు కలదని మొట్టమొదట ధైర్యముగా చెప్పిన న్యాయమూర్తులలో ముఖ్యుడు తెలుగువాడగుట మనకు సంతోషకరము. ఆయన కోకా సుబ్బారావుగారు. రాజమహేంద్రవరమున జన్మించి, మదరాసులో న్యాయవాదిగా పేరుపొంది, 1954లో ఆంధ్ర హైకోర్టునకు తొలి ప్రధానన్యాయమూర్తియై, 1958లో సుప్రీంకోర్టునకు వెళ్ళిరి. ఖరక్ సింగు అను ఉత్తరప్రదేశీయునిపై 1941లో దోపిడినేరము మోపబడి, సాక్ష్యము లేక విడువబడెను. విడిచినను పోలీసులు వాని పేర నొక చరిత్రపత్రమును తెఱచి, ఇంటిని కనిపెట్టుచు, అర్ధరాత్రివేళ తలుపుతట్టి లేపుచుండిరి. వాడు సుప్రీంకోర్టున కెక్కెను. 1962 డిసెంబరు 18వ తేదీన ఆర్గురు న్యాయమూర్తులలో నలుగురు, రాత్రివేళ యింటికిపోవుట తప్పేగాని ఏకాంతపుహక్కు రాజ్యాంగములో లేదని తీర్పుచెప్పిరి. సుబ్బారావుగారు న్యాయమూర్తి షాగారితో కలిసి భిన్నాభిప్రాయము వ్రాసిరి. కాళ్ళకు సంకెల వేయుటయే నిర్బంధము కాదనియు, ఎల్లప్పుడును చూచుచుండు కన్నుక్రింద తిరుగువాడు స్వేచ్ఛగా తిరుగుచున్నాడని చెప్పరాదనియు, ఏకాంతము వ్యక్తిస్వాతంత్ర్యమున కవశ్యకాంగమనియు వారి వాదసారము. ఆ నాటికది ఓడిన వాదము.

రెండవఘట్టము మన రాష్ట్రముదే. 1899 నాటి స్టాంపుచట్టములోని 73వ సెక్షనును ఆంధ్రప్రదేశశాసనసభ 1986లో సవరించెను. స్టాంపుసుంకము సరిగా చెల్లినదో లేదో చూచుటకు, కలెక్టరు వ్రాతమూలముగా నియోగించిన ఏ వ్యక్తియైనను దస్తావేజులున్న చోటున ప్రవేశించి పరిశీలింపవచ్చుననియు, తీసికొనిపోవచ్చుననియు సవరణ. దీనివలన బ్యాంకులలో ఖాతాదారులుంచిన కాగితములు కూడ తెఱచుటకు వీలయ్యెను. కెనరా బ్యాంకు మొదలగువారు హైకోర్టున కెక్కిరి, సవరణ కొట్టివేయబడెను. హైదరాబాదు జిల్లారిజిస్ట్రారు, కలెక్టరుల పక్షమున సుప్రీంకోర్టునకు అప్పీలు పోయెను. 2004లో న్యాయమూర్తులు లాహోటీ, అశోక్ భాన్‌గారు హైకోర్టు తీర్పునే నిలిపిరి.

ఈ తీర్పును లోకము తగినంతగా జ్ఞాపకముంచుకొనలేదని మా యభిప్రాయము. ఏలయనగా మా శిష్యుని ప్రశ్నకు అసలు సమాధానము ఇందే యున్నది. 1976లో అమెరికా సుప్రీంకోర్టు మిల్లరు వ్యాజ్యమున, బ్యాంకుకు నీవే యిచ్చిన వివరములలో నీకిక గోప్యత మిగులదని చెప్పియుండెను. మన కోర్టు ఆ మార్గమును త్రోసిపుచ్చెను. గోప్యత స్థలమును కాదు, మనుష్యు నంటియుండును. అతని కాగితము అతని యింటనున్నను, బ్యాంకు బీరువాలో నున్నను, అతనిదే. ఇది నిక్షేపన్యాయము కాక మఱేమి? తన వివరమును పరునిచేతి కిచ్చినంతమాత్రమున అది పరునిది కాదను నీ సూత్రము లేనిచో సమాచారరక్షణచట్టములకు పునాదియే లేదు.

మూడవఘట్టము అందఱికిని తెలిసినదే. కర్ణాటక హైకోర్టు విశ్రాంతన్యాయమూర్తి పుట్టస్వామిగారు ఆధారు విషయమై 2012లో వేసిన వ్యాజ్యమున, 2017 ఆగస్టు 24వ తేదీన తొమ్మండ్రు న్యాయమూర్తులు ఏకగ్రీవముగా ఏకాంతము ప్రాథమికహక్కని నిర్ణయించిరి. వారిలో కృష్ణాజిల్లావాస్తవ్యులైన జాస్తి చలమేశ్వరుగారొకరు. సుబ్బారావుగారి భిన్నాభిప్రాయమును మహత్తరమైనవానిలో నొకటిగా న్యాయమూర్తి నారిమన్‌గారు పేర్కొనిరి. ఓడిన వాదము గెలుచుటకు ఏబదియైదేండ్లు పట్టెను. సుబ్బారావుగారు అప్పటికి కీర్తిశేషులై నలుబదియేండ్లు దాటెను.

అదే 2017 మే నెలలో బెంగుళూరు సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ వారు ప్రకటించిన నివేదికలో, నాలుగు ప్రభుత్వ వెబ్‌సైట్ల ద్వారా దాదాపు 13 కోట్ల ఆధారు సంఖ్యలు ఎవ్వరికైనను కనబడునట్లుండెనని తేలెను. ఆ నాలుగింటిలో రెండు మన రాష్ట్రమువి. ఒకటి ఉపాధిహామీ చెల్లింపులది, రెండవది చంద్రన్న బీమాది. అందున్న పేర్లు మట్టిపని చేసిన కూలీలవి. దొంగ తాళము పగులగొట్టలేదు. ఇంటివాడే తలుపు పెట్టుట మఱచెను.

పెద్దవారి తప్పులనే లెక్కించి చిన్నవారిని విడుచుట న్యాయము కాదు. మా యెఱుకలో జరిగినదానిని చెప్పెదము. కొన్నియేండ్ల క్రిందట మా తరగతిలో చదివిన యొక బాలిక పదవతరగతిలో మంచిమార్కులు తెచ్చుకొనెను. ఆమె సాయంకాలములందు చదువుకొనిన ట్యూషనుకేంద్రమువారు తమ వెబ్‌సైటులో ఆమె ఛాయాచిత్రమును, ఊరిని, తండ్రి పేరును వేసి, అభినందనలు తెలుపగోరువారి సౌకర్యార్థమని ఫోను నెంబరును గూడ చేర్చిరి. దుర్బుద్ధితో చేసినది కాదు. వారము దినములలో నా యింటి ఫోనుకు వేళగాని వేళ పిలుపులు మొదలయ్యెను. ఇంటిలో నున్న ఫోను ఒక్కటే, అది తండ్రిది. ఆయన కూతురినే యనుమానించెను. ఇంటరులో చేర్పింపనని కూర్చుండెను. మేమును, ఇంకొక యుపాధ్యాయినియు పలుమాఱులు పోయి నచ్చజెప్పగా, నొక సంవత్సరము వృథాయైన తరువాత చేర్పించెను. కేంద్రమువారు చిత్రమును తీసివేసిరి. కాని యప్పటికే దానిని దింపుకొనినవారి యొద్దనుండి తీయువారెవరు? బంగారము దాచుకొన్నవాడు దానిని తిరిగి యియ్యవచ్చును. సమాచారము తిరిగి యియ్యబడదు. ఇచ్చినను నకలు మిగులును. ప్రాచీనుల నిక్షేపమునకును నేటి నిక్షేపమునకును గల ముఖ్యభేదమిదియే.

ఇక చట్టముల సంగతి. జర్మనీలోని హెస్సెరాష్ట్రము 1970లో ప్రపంచమున మొదటి సమాచారరక్షణచట్టమును చేసెను. మూడేండ్లకు స్వీడను దేశము చేసెను. ఐరోపా సమాఖ్యవారి ప్రసిద్ధనిబంధనలు 2018 మే 25వ తేదీనుండి అమలులోనికి వచ్చెను. మనకు 2000 సంవత్సరపు ఐటీ చట్టమునకు తరువాత చేర్చిన 43ఏ సెక్షనును, 2011 నాటి నియమములును ఉండెను. అందు కార్పొరేటు సంస్థ యనుమాట క్రింద ఒక్కవ్యక్తి నడుపు వ్యాపారము కూడ చేర్చబడినది. కావున చిన్నవాడు ఎన్నడును బయటలేడు. తాను లోపలనున్నట్లు వానికి తెలియదు, అంతే. గోప్యతావిధానమని యొక పుట వెబ్‌సైటులో నుండవలెనని ఆ నియమములు కోరగా, చాలమంది యెక్కడనుండియో తెచ్చి యంటించిరి. మన ప్రాంతపు చీరల యంగడి యొకదాని పుటలో, వివాదములు కాలిఫోర్నియా న్యాయస్థానములలో తేల్చుకొనవలెనని యుండగా మేము చదివితిమి.

శ్రీకృష్ణకమిటీ 2018లో నివేదిక నిచ్చెను. 2019లో వచ్చిన బిల్లు 2022లో ఉపసంహరింపబడెను. కడకు 2023 ఆగస్టు 11వ తేదీన డిజిటల్ వ్యక్తిగతసమాచార పరిరక్షణచట్టమునకు రాష్ట్రపతి యామోదము లభించెను. నియమములు 2025 నవంబరులో ప్రకటింపబడి, వ్యాపారులకు సంబంధించిన ముఖ్యవిధులకు పదునెనిమిది మాసముల గడువు నిర్ణయింపబడెను. ఈ చట్టములో మా దృష్టి నాకర్షించిన విశేషమొకటి కలదు. పూర్వచట్టములన్నియు ప్రజలను పుంలింగసర్వనామముతో పేర్కొనుచు, స్త్రీయు నందు చేరునని చెప్పుచుండెను. ఇందు మొదటిమాఱుగా స్త్రీలింగసర్వనామమే వాడి, పురుషుడును నందు చేరునని చెప్పబడినది. 1888 నాటి కిటికీవెనుక మాటలేక కూర్చున్న స్త్రీ జ్ఞాపకము వచ్చి మాకిది కేవలము వ్యాకరణవిశేషముగా తోచలేదు.

చట్టము చిన్నవ్యాపారిని కోరునవి చదువగా పెద్దవిగా కనబడును, చేయగా గృహస్థధర్మములే. ఏ వివరము, ఏ పనికొఱకు తీసికొనుచున్నాడో ముందుగా చెప్పవలెను. వచ్చినవారి సమ్మతి స్పష్టముగా పొందవలెను. ఇచ్చుట యెంత సులభమో మానుకొనుటయు నంత సులభముగా నుండవలెను. పనికి కావలసినదే పుచ్చుకొనవలెను. చట్టములోనే దీనికొక యుదాహరణము కలదు. దూరవైద్యపు యాప్ ఒకటి వైద్యముతోపాటు రోగి ఫోనులోని పరిచితుల పట్టికను గూడ కోరి, ఆమె సరేయన్నను, ఆ సరే వైద్యమునకే చెల్లునుగాని పట్టికకు చెల్లదు. పని తీరిన తరువాత, వేఱొక చట్టము ఉంచుమనిననే తప్ప, తుడిచివేయవలెను. సమాచారము బయటపడినచో బోర్డునకును, ఆ మనుష్యులకును తెలుపవలెను. వెబ్‌సైటు చేసియిచ్చిన చెన్నపట్టణపు కంపెనీవాడు తప్పుచేసినను జవాబుదారి లాడ్జివాడే. కాగితపు రిజిష్టరులోనే యున్నది యీ చట్టము క్రిందికి రాదు. దానిని కంప్యూటరున కెక్కించిన తోడనే వచ్చును.

భద్రత చాలనందుకు జుల్మానా 250 కోట్ల రూపాయలవఱకు పోవచ్చును. ఇది విని మా శిష్యుడు తన లాడ్జిని ఎన్నిమాఱులు అమ్మవలెనో లెక్కవేయసాగెను. అది గరిష్ఠమనియు, నేరపు గురులఘుత్వములను బోర్డు చూడవలెననియు చెప్పి యూఱడించితిమి.

ఐనను మా యాక్షేపణలు మాకున్నవి. మొదటిది, ఈ జుల్మానాలన్నియు భారతప్రభుత్వపు సంచితనిధికి పోవును. 43ఏ సెక్షను నష్టపడినవానికి పరిహారమిప్పించెడిది; కొత్తచట్టము ఆ సెక్షనునే తీసివేయుచున్నది. కౌటిల్యుడు దండుగను రాజునకు విధించినను వాడుక వెలను సొంతదారునకే యిప్పించెను. మేము చెప్పిన బాలికకు పోయిన సంవత్సరమున కీ చట్టములో వెలలేదు. రెండవది, ప్రభుత్వము తాను కోరిన తన శాఖలను ప్రకటనమాత్రమున చట్టమునుండి తప్పింపవచ్చును. బోర్డుసభ్యులను నియమించునదియు నదే. ఇరుగుపొరుగు పుటలన్న మా మాట యిదియే. అంగడివానికి నిక్షేపధర్మము, గోపునికి స్వేచ్ఛ. మూడవది, ఈ చట్టముచే సమాచారహక్కు చట్టమునకు జరిగిన సవరణ. దానిని గుఱించి వ్రాయుటకు వేఱు వ్యాసము కావలెను.

మెచ్చుకొనదగినదియు నొకటి కలదు. నోటీసును ఇంగ్లీషులోగాని, రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషలలో దేనిలోగాని చదువుకొను వీలు కల్పింపవలెను. తెలుగువారికి తెలుగులో నడుగకయే సరే యనిపించుకొను కాలము దీనితో తీరవలసియున్నది.

ఆదివారమునాడు మేము లాడ్జికి పోయి, వెబ్‌సైటులోని పత్రమును ముందుంచుకొని కూర్చుంటిమి. పదునొకండు గళ్ళుండెను. ఒక్కొక్కదానికి ఇది యెందుకని మేమడుగుటయు, సైటు చేసినవాడు పెట్టినాడని యతడు చెప్పుటయు జరిగెను. పుట్టినతేది, తండ్రిపేరు, రెండవఫోను, ఉద్యోగము మొదలగునవి పోయెను. కూడ వచ్చువారు మీకేమగుదురను గడియొద్ద నతడు కొంచెము తటపటాయించి, తుదకు దానినిగూడ తీసివేసెను. పోలీసువారు కోరు రిజిష్టరునకు కావలసినవి నిలిచెను.

ఆధారు బొమ్మలవద్ద పని యాగెను. మూడేండ్లనుండి వచ్చినవారి కార్డుల బొమ్మలు అతని ఫోనులోను, రాత్రివేళ బల్లయొద్ద కూర్చుండు మేనల్లుని ఫోనులోను నుండెను. 2022 మే 27వ తేదీన ఆధారుసంస్థ బెంగుళూరు కార్యాలయమువారు, అనుమతిలేని హోటళ్ళవారు ఆధారు నకళ్ళను తీసి యుంచుకొనరాదని ప్రకటించిరి. రెండుదినములలో, అపార్థమునకు తావిచ్చునని కేంద్రప్రభుత్వము దానిని ఉపసంహరించెను. ఆ రెండుదినములును బొమ్మలు తీయుట మానితినని, మూడవనాడు మరల మొదలుపెట్టితినని యతడు నిజమే చెప్పెను. కడపటి నాలుగంకెలు మాత్రమే కనబడు ముసుగు ఆధారును అడిగినచో చాలునని మేము చూపితిమి. మామయు మేనల్లుడును ఎదురెదురుగా కూర్చుండి పాతబొమ్మలను తుడిచివేయుటకు మధ్యాహ్నమంతయు పట్టెను.

తరువాత తెలుగునోటీసు వ్రాసితిమి. సమ్మతి యనవలెనా, ఒప్పుకోలు అనవలెనా యని కొంత చర్చ జరిగెను. వ్రాసినదానిని అతని తల్లిగారికి చదువనిచ్చితిమి. ఆమె కన్నద్దములు సవరించుకొని మెల్లగా చదువుచు, పండుగరాయితీల కబుర్లు పంపుటకు మీ ఫోను నెంబరు నుంచుకొందుమను వాక్యమువద్ద నిలిచి కొడుకును చూచి, "దీనికి ఒప్పుకోకపోతే గది ఇయ్యరా నాయనా?" అని యడిగెను.

"ఇస్తామమ్మా."

"మరి ఆ మాట ఇందులో లేదే?"

అతడు కలమందుకొని ఆ మాటను కూడ చేర్చెను.